సైనికుల్లో ఆత్మహత్యల నివారణపై పరిశోధన: ప్రధాన ఫలితంగా దేన్ని కొలవాలి?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని):
ఆత్మహత్య ఆలోచనలతో వైద్యుల దగ్గరికి వచ్చిన సైనికుల్లో కొందరికి స్వల్పకాలిక మానసిక చికిత్స ఇచ్చి, మామూలు వైద్యం పొందినవారితో రెండేళ్లపాటు పోల్చి చూడాలని ఒక ప్రతిపాదన రాస్తున్నాను. దాదాపు 400 మందిని చేర్చుకోగలమని మా అంచనా. ఆత్మహత్య మరణాలనే ప్రధాన ఫలితంగా (చికిత్స పనిచేసిందా లేదా అని తేల్చడానికి ముందే ఎంచుకునే ముఖ్య కొలమానంగా) పెట్టాలని మా బృందంలో కొందరు పట్టుబడుతున్నారు. ఇది సాధ్యమేనా? ఇంకొక సందేహం కూడా ఉంది. పైఅధికారి మాటను కాదనే అలవాటు లేని వ్యవస్థలో సైనికుడు ఇచ్చే సమ్మతి స్వచ్ఛందమైనదేనని ఎలా నమ్మాలి?

జవాబు 1 (గణాంక నిపుణుడు):
సాధ్యం కాదండి. ఏటా లక్ష మందికి 25 మరణాలు జరుగుతున్నాయనుకుంటే, పదివేల మందిని ఏడాదంతా గమనించినా కనిపించేవి రెండో మూడో. ఆ రేటులో 30 శాతం తగ్గుదలను నమ్మకంగా పట్టుకోవాలంటే ఏడాది గమనింపుకు ఒక్కో వర్గానికి దాదాపు ఆరు లక్షల మంది కావాలి. మీరు తీసుకునేవారిలో ముప్పు ఎక్కువే అయినా 400 మంది చాలరు. అమెరికాలోని ఫోర్ట్ కార్సన్ సైనిక స్థావరంలో 152 మంది సైనికులపై జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనం మరణాలకు బదులు ఆత్మహత్యా ప్రయత్నాలను లెక్కించింది. స్వల్పకాలిక చికిత్స పొందినవారు రెండేళ్లలో ప్రయత్నానికి పాల్పడే అవకాశం సుమారు 60 శాతం తక్కువగా ఉన్నట్టు అందులో తేలింది. అయితే ఏది ప్రయత్నం, ఏది కాదు అన్న నిర్వచనాన్ని ముందే రాసిపెట్టుకోవాలి; నిర్ధారించేవారికి ఎవరు ఏ వర్గంలో ఉన్నారో తెలియకూడదు. సైనికులకు ఆప్యాయమైన చిన్న సందేశాలు పంపి చూసిన 2019 నాటి అధ్యయనంలో, ముందుగా ప్రకటించుకున్న ప్రధాన ఫలితాల్లో తేడా తేలలేదు. ద్వితీయ ఫలితంగా, అంటే అదనపు కొలమానంగా పెట్టుకున్న ఆత్మహత్యా ప్రయత్నాలు మాత్రం తక్కువగా కనిపించాయి. దాన్ని రుజువు అనలేక, కొట్టిపారేయలేక చదివేవారు ఇబ్బంది పడ్డారు. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

జవాబు 2 (సైనికులకు వైద్యం చేసిన మానసిక వైద్యురాలు):
సమ్మతి తీసుకునే గదిలో ఆ యూనిట్ అధికారి ఎవరూ ఉండకూడదు. ఎవరు చేరారో, ఎవరు నిరాకరించారో కమాండర్‌కు తెలియకూడదు. పదోన్నతి ఆగిపోతుందేమో, ఆయుధం ఉన్న విధుల నుంచి తప్పిస్తారేమో అన్న భయమే సైనికుల చేత నిజం దాచిపెట్టిస్తుంది. కాబట్టి గోప్యతకున్న హద్దును పత్రంలో దాపరికం లేకుండా రాయండి: ప్రాణాపాయం ఉందనిపిస్తే ఎవరికి చెబుతారు, ఎంత చెబుతారు. అర్ధరాత్రి ఒకరు ఫోన్ చేస్తే ఎత్తేదెవరన్నది కూడా ప్రతిపాదనలోనే ఉండాలి. పరిశోధనకు నైతిక అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ అడిగే వరకు ఆగవద్దు. మామూలు వైద్యం వర్గాన్ని గాలికి వదిలేయకండి, వారికీ అవే భద్రతా ఏర్పాట్లు వర్తించాలి. బదిలీ అయినవారిని, ఉద్యోగం వదిలినవారిని ఫాలో-అప్ నుంచి జారిపోనివ్వకండి. 39 లక్షల మందికి పైగా అమెరికా సైనికుల రికార్డులను పరిశీలించిన 2015 నాటి అధ్యయనంలో, యుద్ధ ప్రాంతానికి వెళ్లడం కంటే సైన్యాన్ని వీడడమే ఆత్మహత్య ముప్పుతో ముడిపడి కనిపించింది.

జవాబు 3 (ప్రజారోగ్య విధానాల పరిశోధకుడు):
పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెబుతాను. వైద్యుడి దగ్గరికి రానివారు మీ అధ్యయనంలోకే రారు. ఇజ్రాయెల్ సైన్యం 2006లో వారాంతపు సెలవులకు ఇంటికి వెళ్లే సైనికులు ఆయుధాన్ని స్థావరంలోనే వదిలి వెళ్లాలన్న నియమం తెచ్చాక ఆత్మహత్యలు సుమారు 40 శాతం తగ్గినట్టు నమోదైంది. అందులో ఎవరినీ రోగిగా గుర్తించాల్సిన పని లేదు.

జవాబు 1 (మళ్లీ):
అది ముందు, తర్వాత చేసిన పోలిక. పక్కన పోల్చడానికి మరో వర్గం లేదు. అలాంటి నియమాన్ని పరీక్షించాలంటే యూనిట్లలో విడతలవారీగా, ఏ యూనిట్ ముందన్నది చీటీ తీసి నిర్ణయిస్తూ అమలు చేయాలి; ఒకే యూనిట్‌లోనివారు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి చేర్చుకోవాల్సినవారి సంఖ్య ఇంకా పెరుగుతుంది. ప్రశ్న అడిగినవారి 400 మందికి అది మించిన పని. వారు ప్రయత్నాలనే ప్రధాన ఫలితంగా పెట్టుకుని, మరణం సంభవిస్తే, పాల్గొన్నవారి క్షేమాన్ని గమనించే భద్రతా పర్యవేక్షక బృందానికి వెంటనే తెలిపే ఏర్పాటు చేసుకోవాలి.