ఉగాది హాలు: బీమా పత్రం ఈరోజు 4 గంటల్లోపు కావాలి

కార్యదర్శి, గురువారం ఉదయం 8:40
అందరికీ నమస్కారం. శనివారానికి ఇంకా మిగిలినవి: వేపపువ్వు, మైకులు, పిల్లల నాటకానికి తెర, హ్యూస్టన్ నుంచి పంతులుగారి ప్రయాణం. వీటన్నిటికంటే ముందు ఒకటి. స్కూలువాళ్లు ఇప్పుడే ఫోన్ చేశారు. 10 లక్షల డాలర్ల బీమా పత్రం సాయంత్రం 4 లోపు అందకపోతే ఆడిటోరియం ఇవ్వరట. మూడు వారాల కిందటే మెయిల్ పెట్టామంటున్నారు.

కోశాధికారి, 8:52
ఆ మెయిల్ నేను అదే రోజు చూశాను. ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఒక్కరూ పలకలేదు.

భోజనాలు, 8:58
గ్రూపులో మెసేజీలు 7 రోజులకు పోయేలా పెట్టుకున్నాం కదా తమ్ముడూ, ఇప్పుడెక్కడ వెతకను? ఆ రోజంతా పులిహోర ఎన్ని కిలోలన్న చర్చే. అందులో నీ ఫోటో ఎవరి కంట పడుతుంది?

కోశాధికారి, 9:03
మెయిల్ పంపితే చూడరు, గ్రూపులో పెడితే కనపడలేదంటారు. డబ్బు లెక్కలు నావని హాలు కూడా నా నెత్తినే పెడితే ఎలా?

సాంస్కృతికం, 9:15
ఇద్దరూ కాస్త ఆగండి. 40 మంది పిల్లలు రెండు నెలలుగా నేర్చుకుంటున్నారు. మా ఆఫీసులో మాట్లాడుకునేదంతా చాట్‌లోనే, కానీ ఒప్పుకున్నది మాత్రం అదే రోజు మెయిల్లో పెడతాం: గడువు ఎప్పుడు, ఎవరు చేయాలి, కాగితం ఏది. ఆరు నెలల తర్వాత వెతికినా దొరుకుతుంది. ముందు ఆ మెయిల్ నాకు పంపండి. ఒక్కరోజు కార్యక్రమానికి బీమా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

కోశాధికారి, 9:21
పంపాను. అక్కా, టెన్షన్‌లో కసిరాను, ఏమనుకోకండి.

భోజనాలు, 9:24
నేనూ అలా అనకుండా ఉండాల్సింది. బీమాకు నా కార్డు వాడండి, లెక్క తర్వాత చూసుకుందాం.

సాంస్కృతికం, 11:50
పాలసీ తీసుకున్నాను. స్కూలు పేరు రాస్తే తిప్పి పంపారు. 'అడిషనల్ ఇన్సూర్డ్' (మనతోపాటు బీమా ఇంకెవరికి వర్తిస్తుందో రాసే చోటు) దగ్గర స్కూల్ డిస్ట్రిక్ట్ (ఇక్కడి స్కూళ్లను నడిపే సంస్థ) పేరు ఉండాలట. ఆ సంగతి మెయిల్ చివర్లో ఉంది, ఫోటోలో అంతవరకు పడలేదు. మార్పించి మళ్లీ పంపాను.

కార్యదర్శి, మధ్యాహ్నం 2:35
పత్రం అందిందని స్కూలు నుంచి మెయిల్ వచ్చింది! అందరికీ పంపాను. శనివారం 7కు తూర్పు గేటు తీస్తారు. దారి తప్పినా, ఆలస్యమైనా గ్రూపులో రాయండి. డబ్బు, కాగితాలు, గడువులు మాత్రం ఇకనుంచి మెయిల్లోనే.

భోజనాలు, 2:41
మెయిల్ చూశాను. 6:45కే ఇడ్లీలతో గేటు దగ్గరుంటాను.