పిల్లల బరువు తెలియనప్పుడు డోసు దేన్ని బట్టి? గోడ మీది ఫార్ములానా, టేపా, తల్లి మాటా?

క్యాజువాల్టీ_పీజీ:
మా క్యాజువాల్టీ గోడకి వయసుని బట్టి బరువు లెక్కేసే చార్టు ఒకటి అంటించి ఉంది. ఏడాది నుంచి ఐదేళ్ల దాకా వయసుని రెట్టింపు చేసి 8 కలపాలి. ఆరు నుంచి పన్నెండు దాకా మూడు రెట్లు చేసి 7 కలపాలి. పిల్లల అత్యవసర వైద్యం నేర్పే బ్రిటన్ ఏపీఎల్ఎస్ కోర్సు లెక్క అది. మొన్న రాత్రి ఫిట్స్‌తో ఎనిమిదేళ్ల పాపని తెచ్చారు. చార్టు ప్రకారం 31 కిలోలు. ఫిట్స్ ఆపే మిడజోలామ్ సిరంజిలోకి లాగుతుంటే సీనియర్ మేడమ్ చెయ్యి పట్టుకుని, "ఈ పిల్ల 31 కిలోలు ఉందా? కళ్లు తెరిచి చూడు" అన్నారు. తర్వాత తూస్తే 21. అంటే సగం డోసు అదనంగా పడేది, ఊపిరి మందగిస్తే ఇక అదో యుద్ధం. పాత లెక్క, అంటే వయసుకి 4 కలిపి రెట్టింపు చేస్తే, 24 వచ్చేది. ఆ చార్టు చింపేసి పాతది పెట్టాలని నా వాదన. మీరేమంటారు?

లెక్కల_మావయ్య:
తమ్ముడూ, పాత లెక్కని ఎందుకు మార్చారు? అక్కడి పిల్లలు బరువెక్కారు, అది తక్కువ చూపిస్తోందని. వాళ్ల పిల్లలకి సరిచేసుకున్నది మన గోడ మీదికి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఎనిమిదేళ్ల ఆడపిల్ల మధ్యస్థ బరువు 25 కిలోలు, కాబట్టి పాతదే దగ్గర. కానీ హైదరాబాద్‌లో కారు దిగే ఎనిమిదేళ్ల పిల్లాడు 38 కిలోలున్నా నేను ఆశ్చర్యపోను. వాడికి నీ పాత లెక్క చాలదు. ఒకే ఊళ్లో ఇద్దరూ ఉన్నప్పుడు వయసుని నమ్ముకోవడమే తప్పు.

టేపు_మనిషి:
అందుకే బ్రోస్లో టేపు. తల దగ్గర నుంచి మడమ దాకా పరిస్తే చాలు, ఏ రంగు గడిలో ఆగితే ఆ రంగు డోసులు.

లెక్కల_మావయ్య:
అది అమెరికా పిల్లల కొలతలతో చేసింది కదండీ. మన దేశపు పిల్లల మీద చూసిన అధ్యయనం 2008లో వచ్చింది. పది కిలోలు దాటిన పిల్లలకి టేపు పది శాతం పైనే ఎక్కువ చూపించింది.

టేపు_మనిషి:
ఒప్పుకుంటాను. అయినా ఒక తేడా గమనించండి. పొట్టిగా ఉండిపోయిన పిల్లాడికి వయసు లెక్క బోల్తా పడుతుంది, టేపు పడదు. పొడవు కొలుస్తుంది కాబట్టి. టేపు మోసపోయేది ఎముకల గూడులా చిక్కిపోయిన పిల్లల దగ్గర. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21, తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్లు, 21.7 శాతం ఎత్తుకి తగ్గ బరువు లేనివాళ్లు అంది. రెండో రకం వాళ్లని కంటితో పట్టుకోవాలి. పిల్లాడు బక్కా, మామూలా, బొద్దా అని కూడా చూసే పావ్‌పర్ టేపు దక్షిణాఫ్రికాలో తయారైంది అందుకే.

స్టాఫ్‌నర్స్_గుంటూరు:
సార్లందరూ గొడవ పడుతున్నారు గానీ, పక్కనే ఏడుస్తూ నిలబడిన తల్లిని ఎవరూ అడగరేం? ఆమె చెప్పే బరువు మీ ఫార్ములాల కంటే దగ్గరగా ఉంటుంది. టీకాల కార్డు కొంగులో ఉంటే ఇంకా మంచిది, అంగన్‌వాడీలో తూచిన తేదీ కూడా ఉంటుంది. నాయనమ్మ తెస్తే మాత్రం కష్టం. ఎంత బరువమ్మా అంటే "ఏం తింటాడు నాయనా, పుల్లలా ఉన్నాడు" అంటుంది. పుల్ల ఎన్ని కిలోలని రాసుకోవాలి!

108లో_పదేళ్లు:
నర్సమ్మ గారి మాటే నాది. ఇంకోటి చెప్తా. రెండు కిలోల తేడాకి మీరంతా కొట్టుకుంటున్నారు, నాకు భయం దశాంశ బిందువంటే. గుండె ఆగిన పది కిలోల పిల్లాడికి అడ్రినలిన్ 0.1 మిల్లీగ్రాము. యాంప్యూల్‌లో, అంటే చిన్న గాజు సీసాలో, ఒక మిల్లీలీటరుకి ఒక మిల్లీగ్రాము ఉంటుంది. దానికి సెలైన్ కలిపి పది మిల్లీలీటర్లు చేసి అందులో ఒకటి ఇవ్వాలి. కలపడం మరిచి ఒక మిల్లీలీటరు ఎక్కిస్తే పది రెట్లు! టేపు బరువు సరిగ్గా చెప్పినా చెప్పకపోయినా, డోసు ముందే రాసి ఉంటుంది, నడిరోడ్డు మీద గుణించే పని తప్పుతుంది. నాకు అదే కావాలి. అన్నట్టు పాము కాటుకి ఈ గొడవే లేదు. పిల్లాడు చిన్నవాడైనా పాము ఎక్కించిన విషం చిన్నది కాదు, విరుగుడు పెద్దవాళ్లకి ఇచ్చినంతే.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
నేను డాక్టర్ని కాదు. మా బుడ్డోడు తూకం మీద నిలబడడు. ఎలా మరి?

స్టాఫ్‌నర్స్_గుంటూరు:
వాణ్ని ఎత్తుకుని మీరు నిలబడండి, తర్వాత మీరొక్కరే. తీసివేత చేసి ఫోన్లో తేదీతో రాసి పెట్టుకోండి. రెండు మూడు నెలలకోసారి మార్చండి.

క్యాజువాల్టీ_పీజీ:
చార్టు చింపలేదు. దాని పైన ఎర్ర పెన్నుతో "ముందు తల్లిని అడుగు, తర్వాత పిల్లని చూడు" అని రాశాను. పక్కన పది, పదిహేను, ఇరవై కిలోలకి అడ్రినలిన్ ఎన్ని మిల్లీలీటర్లో, ఎలా కలపాలో రాసి పెట్టాను. మేడమ్ చదివి ఏమీ అనలేదు. అక్షరాలు బాగోలేవన్నారు, అంతే.