1967 నాటి అలీ, 1988 నాటి టైసన్: గెలుపెవరిది?

ప్రశ్న: బాక్సర్లు మహమ్మద్ అలీ, మైక్ టైసన్ ఇద్దరూ మంచి ఊపులో ఉండగా తలపడితే ఎవరు గెలుస్తారంటారు? 1988లో స్పింక్స్‌ని 91 సెకన్లలో పడగొట్టిన టైసన్‌ని చూస్తే అలీ మొదటి నాలుగు రౌండ్లు తట్టుకోవడమే కష్టమనిపిస్తుంది నాకు.

జవాబు 1: తట్టుకుంటాడండీ. 1974లో ఫోర్‌మన్ గుద్దుల్ని తాళ్లకు ఆనుకుని కాచుకుని, 8వ రౌండులో అతన్నే పడగొట్టినవాడు. పైగా అలీది 6 అడుగుల 3 అంగుళాల ఎత్తు, టైసన్‌ది 5 అడుగుల 10. అలీ జాబ్ (ముందు చేత్తో సూటిగా విసిరే గుద్దు) దాటి లోపలికి రావడమే పెద్ద పని.

జవాబు 2: ఫ్రేజియర్ కూడా పొట్టివాడే కదా! 1971లో 15వ రౌండులో అతని ఎడమ హుక్ (పక్క నుంచి చేయి వంచి తిప్పి కొట్టే గుద్దు) తగిలి అలీ వెల్లకిలా పడ్డాడు, కాళ్లు గాల్లోకి లేచాయి. టైసన్ హుక్ ఇంకా వేగం.

జవాబు 3: పడి వెంటనే లేచాడు, అది మర్చిపోకండి. 1990లో టోక్యోలో డగ్లస్ జాబ్‌తోనే టైసన్‌ని అలసగొట్టి 10వ రౌండులో ముగించాడు. ఆరో రౌండు దాటితే నా ఓటు అలీకే.