జంత్రపు గీలా, యంత్రపు కీలా? సుమతి పద్యం మీద ఓ సందేహం (మాట్లాడేవాళ్ల పేర్లకు బదులు విశాఖ వైపు వాళ్ల పేటల పేర్లు)

మద్దిలపాలెం: వివాదంలో ఉన్న ఓ మంత్రిగారు పదవికి తగునా తగడా అని ఊరంతా చర్చ నడుస్తోంది కదా. పేరు మనకి వద్దు. ఆ సందర్భంలో ఒక పోస్టరు తిరుగుతోంది. సుమతీ శతకంలోని "మంత్రిగలవాని రాజ్యము" కందపద్యం అంటూ మూడో పాదం "మంత్రియె హీనుండైనను" అని, నాలుగోది "యంత్రపు కీలూడినట్లు జరుగదు సుమతీ" అని వేశారు. నా నోట్లో ఆడుతున్నది "మంత్రివిహీనుని రాజ్యము". పాఠాంతరమా, ఎవరైనా దిద్దారా?

సీతమ్మధార: నాలుగో పాదం సంగతి ముందు. అసలు పాదాన్ని గణాలుగా విడదీస్తే: జంత్రపు (భ), గీలూ (గగ), డినట్లు (జ), జరుగదు (నల), సుమతీ (స). యతిస్థానం "జరుగదు"లో జ. పాదం మొదట య పెడితే మైత్రి పోయింది. మూడో పాదం నుంచి లెక్కిస్తే ఆరో గణం "డినట్లు" జగణం, అదీ సరే. కాబట్టి "జంత్రపు" తప్ప గతి లేదు. పాత అచ్చుల్లో "జంత్రపుఁ గీలు" అని అరసున్నతో ఉండాలి. సమాసంలో పు, ంపుల మీద పరుషం (క చ ట త ప) వస్తే మధ్యలో నకారం చేరుతుంది (నుగాగమం), ఆపైన పరుషం సరళం (గ జ డ ద బ) అవుతుంది. "యంత్రపు కీలు" అని రాసినాయన యతినీ సంధినీ ఒక్క దెబ్బకి తీసేశారు.

భీమిలి: మాస్టారూ, నాలుగో పాదం ఒప్పుకున్నాం. గొడవ మూడో పాదంది. "మంత్రియె, హీనుం, డైనను": భ, గగ, భ. "మంత్రివి, హీనుని, రాజ్యము": భ, భ, భ. ప్రాస రెంటా ంత్ర. ఛందస్సు రెండింటినీ రానిచ్చింది.

సీతమ్మధార: ఛందస్సు రానిచ్చినా వాక్యం రానివ్వదండీ. "రాజ్యము" తీసేస్తే "జరుగదు"కి కర్త ఏదీ?

భీమిలి: మొదటి పాదంలో "మంత్రిగలవాని రాజ్యము" ఉంది. అక్కణ్ణుంచి తెచ్చుకోవచ్చు.

సీతమ్మధార: మొదటి రెండు పాదాలు "నిలుచు" దగ్గర ముగిసిన వాక్యం. పైగా అది మంత్రి ఉన్నవాడి రాజ్యం. దాన్నే తెచ్చి జరగదంటే పద్యం తనని తానే ఖండించుకుంటుంది. పద్యం నడకే గలవాడు, విహీనుడు అన్న జంట మీద ఉంది. ఒక కాలు విరిచి నిలబెట్టలేం.

లాసన్స్ బే: అందరూ "విహీన" మీద కళ్లు మూసుకుంటున్నారు. దాని మూలం సంస్కృతంలో ఓహాక్ త్యాగే ధాతువు, అంటే విడవడం. హీనుడంటే విడువబడినవాడు. "మంత్రివిహీనుడు" అంటే మంత్రి లేనివాడే కానక్కర్లేదు, మంత్రి విడిచిపోయినవాడు కూడా. చెప్పింది వినని ప్రభువును మంచి మంత్రి వదిలి వెళ్లాడు, అప్పుడు కీలు ఊడింది. "ఊడు" అన్న క్రియ ఎందుకు వేశాడో చూడండి. మొదట్నుంచీ లేనిది ఊడదు.

మద్దిలపాలెం: ఇది బాగుంది. కానీ పోస్టరు వాళ్లు అడుగుతున్నది ఉన్న మంత్రి గురించి.

గోపాలపట్నం: "ఊడు" గురించి పనిముట్ల వైపు నుంచి ఒక మాట. బండి ఇరుసు చివర గుచ్చేది కడచీల. అది ఊడిన క్షణంలో బండి ఆగదు. చక్రం ఇరుసు మీద బయటికి జరుగుతూ, ఒరుసుకుంటూ, గతుకు తగిలినప్పుడు జారిపోతుంది. మోటారు షాఫ్టుకీ పుల్లీకీ మధ్య గాడిలో కూర్చునే "కీ" అనే చిన్న ముక్క ఊడితే ఇంకోలా ఉంటుంది. షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది, పుల్లీ కదలదు. బయటికి చప్పుడంతా మామూలే, పని మాత్రం అవతలికి అందదు. "జరుగదు" అన్నది ఈ రెండో దానికే అతుకుతుంది.

లాసన్స్ బే: జంత్రం అనగానే యంత్రమేనా? "జంత్రగాత్రములు" అన్నప్పుడు జంత్రం వీణ.

గోపాలపట్నం: వీణకైతే బిరడ అనాలి. బిరడ వదులైతే తీగ సడలుతుంది, శ్రుతి తప్పుతుంది. "పలుకదు" అనేవాడు, "జరుగదు" అనడు.

సీతమ్మధార: బాగా పట్టారు. కీలు, కీలకం ఒక కుదురువే. పత్రికల్లో "కీలక శాఖ" అని రాసే ప్రతిసారీ ఈ పద్యమే పలుకుతోంది. కీలుబొమ్మ కూడా అక్కణ్ణుంచే. మంత్రి కీలు కావాలి, కీలుబొమ్మ కాకూడదు.

ఎం.వి.పి. కాలనీ: యోగ్యత కావాలంటే సుమతి దగ్గర ఎందుకు వెతుకుతారు? రాయలవారి దగ్గరికి వెళ్లండి. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసం, యామునాచార్యుడు కొడుక్కి చెప్పిన రాజనీతి. మంత్రి చదువుకున్నవాడు, అధర్మానికి భయపడేవాడు, రాజనీతి తెలిసినవాడు, యాభై దాటి డెబ్బై లోపువాడు, రోగం లేనివాడు, గర్వం లేనివాడు కావాలి. అలాంటివాడు దొరక్కపోతే రాజు తానే చూసుకోవాలట. చెడ్డ మంత్రి గుమ్మడికాయంత ముత్యం, మోయలేం, పారేయలేం. మన సింహాచలం మెట్లెక్కిన కవి చెప్పిన మాట.

భీమిలి: సింహాచలం అంటే మనుచరిత్రలో పెద్దన గుర్తొస్తాడు. "పొట్టునూరికడ నిల్పిన కంబము సింహభూధర ప్రభు తిరునాళ్లకున్ డిగు సురప్రకరంబు..." దేవతలు తిరునాళ్లకి దిగివస్తూ రాయలు నిలిపిన ఆ జయస్తంభం మీది అక్షరాలు చదవడం! కళింగరాజు అపకీర్తే కాటుకగా పూసి మరీ చదువుతారు. శాసనాల్లో మసి పూసి చదివే పద్ధతిని పద్యంలో పెట్టినవాడు ఇంకొకడున్నాడా?

ఎం.వి.పి. కాలనీ: "తాళసన్నిభముగ" వదిలేశారేం? తాటిచెట్టంత స్తంభం. అక్కడ కదా అందం.

మద్దిలపాలెం: అయ్యా, నా పోస్టరు...

అక్కయ్యపాలెం: చట్టం వైపు ఒక్క ముక్క, ఎందుకంటే చర్చలో అర్హత, యోగ్యత కలిపేస్తున్నారు. అర్హత కొలవగలిగేది. ప్రజాప్రాతినిధ్య చట్టం 8(3) ప్రకారం రెండేళ్లు, ఆపైన శిక్ష పడితే అనర్హత. రాజ్యాంగం 164(4) ప్రకారం చట్టసభ సభ్యుడు కానివాడు మంత్రిగా ఆరు నెలలకి మించి ఉండలేడు. కేసు నడుస్తున్నవాణ్ణి మంత్రిగా తీసుకోవచ్చా అన్నది యోగ్యత ప్రశ్న. 2014లో మనోజ్ నరూలా కేసులో సుప్రీంకోర్టు, రాజ్యాంగంలో లేని అనర్హతను తాము చేర్చలేమంది, దాన్ని ప్రధాని, ముఖ్యమంత్రుల వివేకానికి వదిలింది. "తగునా" అని అడిగేవాళ్లు ఏది అడుగుతున్నారో తేల్చుకోవాలి. ప్రమాణంలో ఉన్న "అంతఃకరణ శుద్ధి" రెండో దానికి చెందుతుంది. దాన్ని విసర్గ లేకుండా "అంతకరణ" అని చదివేస్తుంటే బాధగా ఉంటుంది.

లాసన్స్ బే: మంత్రిని తిట్టాలనుకునేవారు సుమతిలోనే "కనకపు సింహాసనమున" ఎత్తుకుంటారు. దయచేసి వద్దు. "వెనుకటి గుణమేల మాను" అన్న మాటని పుట్టుక మీదికి తిప్పడం క్షణం పని. వేమన "అల్పబుద్ధివాని కధికార మిచ్చిన" చాలు, అక్కడ తూచింది బుద్ధిని.

సీతమ్మధార: ఒప్పుకుంటాను. అయితే సుమతి పద్యంలో యోగ్యత అసలు లేదనడం నాకు నచ్చదు. రెండో పాదం "తంత్రము సెడకుండ నిలుచు దఱచుగ ధరలో". "తఱచుగ" చూడండి. మంత్రి ఉంటే తప్పక నిలుస్తుందనలేదు, తఱచుగా నిలుస్తుందన్నాడు. నిలవని సందర్భం ఉందన్నమాట. ఉన్నా తగని మంత్రి ఆ సందులోనే ఉన్నాడు.

భీమిలి: అది యతి కోసం వేసిన మాటండీ. "తంత్రము"కి తకారం కావాలి, "తఱచుగ" దొరికింది. "ధరలో" కూడా పాదం నింపడానికే.

సీతమ్మధార: యతికే అయితే "తప్పక" ఉంది, "దప్పక ధరలో".

భీమిలి: దప్పక భగణం, అక్కడ పడుతుంది, నిజమే. కానీ "తఱచుగ"కి "మిక్కిలిగా" అన్న అర్థం తీసుకుంటే మీ సందు మూసుకుపోతుంది కదా?