ఇంజన్ పని చేయించాక కూలెంట్ తగ్గుతోంది, హెడ్ గ్యాస్కెట్టేనా?

ప్రశ్న: అన్నలకు నమస్తే. నాది నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు. మొత్తం ఇంజన్ విప్పి పని చేయించి మూడు వారాలైంది. మెహదీపట్నం ట్రాఫిక్‌లో బాగానే ఉంటుంది. ఓఆర్ఆర్ ఎక్కి స్పీడ్ పెంచితే టెంపరేచర్ ముల్లు లేస్తోంది. రెండు రోజులకు అర లీటరు కూలెంట్ పోస్తున్నా, కింద చుక్క కారట్లేదు. పొద్దున తెల్ల పొగ. మెకానిక్ మళ్లీ హెడ్ దించాలంటున్నాడు.

జవాబు: తొందరపడి దించనివ్వకు తమ్ముడూ. ట్రాఫిక్‌లో వేడెక్కితే ముందు ఫ్యాన్ చూడమనేవాణ్ణి. స్పీడ్‌లో అంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కూ కింది బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు) మీద అనుమానమే, కానీ థర్మోస్టాట్, రేడియేటర్ కూడా ఇలాగే చేస్తాయి. చలికాలం పొద్దున కాస్త ఆవిరి మామూలే. ఇంజన్ వేడెక్కాక కూడా పొగ ఆగకపోతేనే లెక్క.

రాత్రంతా బండి ఆపి ఉంచు. పొద్దున చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి, మళ్లీ బిగించి, స్టార్ట్ చేసి పై హోస్ పైపు పట్టుకో. నీళ్లు వేడెక్కితేనే పైపులో ప్రెషర్ రావాలి. పైపు ఇంకా చల్లగా ఉండగానే రాయిలా గట్టిపడితే సిలిండర్ గ్యాస్ నీళ్లలోకి వస్తున్నట్టే. ఇంకోరోజు, చల్లటి ఇంజన్ మీదే, మూత తీసి స్టార్ట్ చేసి బుడగలు చూడు. ఎయిర్ లాక్ (లోపల చిక్కుకున్న గాలి) బుడగలైతే కాసేపటికి ఆగిపోతాయి. వేడి ఇంజన్ మీద మాత్రం మూత ముట్టుకోవద్దు, ముఖం కాలిపోతుంది.

ప్రశ్న: చూశానన్నా. నిమిషంలోనే పైపు గట్టిపడింది, నొక్కినా లొంగలేదు. బుడగలు ఆగట్లేదు, రేస్ చేస్తే ఇంకా ఎక్కువ.

జవాబు: అయితే హెడ్ దించక తప్పదు. ఈసారి దగ్గరుండి చూసుకో. లేత్ వాళ్లు హెడ్ ఒక్కటే ఫేసింగ్ చేసి (ముఖం చదును చేసి) పంపుతుంటారు, బ్లాక్ పైముఖం ఎవరూ చూడరు. రెండింటి మీదా స్ట్రెయిట్ ఎడ్జ్ (వంకర లేని స్టీలు స్కేలు) పెట్టించి కిందికి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చమను. చాలా ఇంజన్లకు ఆ సందు 0.05 మి.మీ. దాటితే ఒప్పుకోరు, నీ బండి మాన్యువల్ అంకె చూసుకో. హెడ్‌కు క్రాక్ టెస్ట్ కూడా చేయించు.

బోల్టు రంధ్రాల్లో ఆయిల్, నీళ్లు మిగిలితే టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే స్పానర్) "టక్"మంటుంది గానీ హెడ్ బిగుసుకోదు. ఎయిర్ కొట్టి ఆరబెట్టించు. టార్క్ తర్వాత డిగ్రీల్లో తిప్పే రకం బోల్టులైతే చాలావరకు కొత్తవే వేయాలి. రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ షాపుల్లో అడుగు. బిగింపు నడిమి నుంచి బయటికి, మాన్యువల్ వరుసలోనే.

పాత గ్యాస్కెట్ పారేయనివ్వకు. దాని మీద సిలిండర్ రంధ్రం చుట్టూ ఉండే రింగు దాటి నల్ల మరక ఎటు పాకిందో ఫోటో తీసి పెట్టు, ఏ సిలిండర్ దగ్గర లీకైందో చూద్దాం. అందాకా బండి తీయకు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలచాయ రంగులో కనిపిస్తే స్టార్ట్ కూడా చేయకు, బేరింగులు పోతాయి.