నె + కొతొ = నెగొతొ: జపాన్ మహిళా బ్యాండ్ల పేర్లలో మన సరళాలు

తుమ్మెద:
జపాన్‌లో నెగొతొ అని ఒక బ్యాండ్ ఉండేది. చిబ ప్రాంతం నుంచి వచ్చిన నలుగురు అమ్మాయిలు. 2011లో తొలి పూర్తి ఆల్బమ్ తెచ్చారు, 2019లో విడిపోయారు. నెగొతొ అంటే నిద్రలో వచ్చే మాటలు, మన కలవరింత. నె అంటే నిద్ర, కొతొ అంటే మాట. రెండూ కలిసేసరికి క పోయి గ వచ్చింది. అన్న, తమ్ముడు కలిసి అన్నదమ్ములు అయినట్టే ఉంది. దీన్ని గసడదవాదేశం (పరుషాలైన క చ ట త ప లు గ స డ ద వ లు కావడం) అనాలా, సరళాదేశం (అవే గ జ డ ద బ లు కావడం) అనాలా? మిగతా మహిళా బ్యాండ్ల పేర్లలోనూ ఇలాంటివి దొరుకుతాయా?

సంధికాలం:
మంచి ప్రశ్న అండీ. జపనీయులు దీన్ని రెందకు అంటారు. క గ అవుతుంది, త ద అవుతుంది, స ఇంగ్లీషు జడ్ ధ్వనిగా మారుతుంది, హ బ అవుతుంది. ఈ హ ఒకప్పుడు ప. కన్నడంలో పాలు హాలు అయినట్టు, పులి హులి అయినట్టు అక్కడా ప జారి హ అయింది. కాబట్టి అసలు మార్పు ప నుంచి బ కి. గసడదవల్లో ప స్థానంలో వ వస్తుంది, సరళాదేశంలో బ వస్తుంది. అంటే వచ్చే అక్షరాన్ని చూస్తే ఇది సరళాదేశం, జరిగే చోటు చూస్తే గసడదవాదేశంలా సమాసం. మీ రెండు పేర్లలో ఏ ఒక్కటీ పూర్తిగా అతకదు.

కారణం దగ్గర పోలిక ఇంకా బలంగా ఉంది. మనకు పూచెను + కలువలు అన్నప్పుడు క ని గ చేసేది ముందున్న ద్రుతం, ఆ నకారం. జపనీస్‌లో కూడా రెండు మాటల మధ్య ఒకప్పుడు 'నొ' లాంటి విభక్తి ఉండేదనీ, అది అరిగి మిగిలిన అనునాసికం పక్క హల్లును నాదంగా మార్చిందనీ చాలామంది పండితుల అభిప్రాయం. దీన్ని పట్టుకుని జపనీస్ మనకు చుట్టం అనుకోవద్దు. జపాన్ భాషావేత్త ఓనొ సుసుము తమిళంతో బంధుత్వం చూపాలని చాలా ఏళ్లు శ్రమించారు, భాషాశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. అనునాసికం తర్వాత పరుషం మెత్తబడటం ఏ సంబంధమూ లేని భాషల్లో కూడా కనిపిస్తుంది.

పరుషాలు, సరళాలు అన్న మన పేర్లు చూడండి. మనకు గ, ద, బ మెత్తనివి. వాళ్ల సంప్రదాయంలో క, త లు తేట ధ్వనులు, గ, ద లు మడ్డి ధ్వనులు. రెందకులో 'దకు' అంటే ఆ మడ్డే.

మూడో తీగ:
మీ హ–బ మాటకు బ్యాండ్-మెయిడ్ నుంచి ఉదాహరణ. టోక్యోలో 2013లో మొదలైన ఐదుగురి హార్డ్ రాక్ బృందం. మెయిడ్ కెఫేలో (పనిమనిషి వేషంలో వడ్డించే చోటు) పనిచేసిన కొబతొ మికు ఆలోచన అది. హతొ అంటే పావురం, కొ అంటే చిన్న, కొబతొ అంటే చిన్న పావురం. ఆవిడ వేదిక మీద వాక్యాల చివర 'ప్పొ' చేర్చి మాట్లాడుతుంది, పావురం కూత అన్నమాట. హతొలో హ, కొబతొలో బ, ప్పొలో ప: సంధికాలం గారు చెప్పిన మూడూ ఒక్క మనిషి దగ్గరే వినపడతాయి. కచేరీని వీళ్లు ఒక్యూజి అంటారు. దానికి మన 'వడ్డన' సరిగ్గా సరిపోతుంది.

తుమ్మెద:
అయితే ఒతొబొకె బీబాలో త ఎందుకు ద కాలేదు? క్యోతొ నగరం బ్యాండే, విడదీస్తే ఒ + తొబొకె అనే కదా?

సంధికాలం:
రెండు అడ్డంకులు ఉన్నాయి. ఒకటి, గౌరవార్థంలో వచ్చే ఒ తర్వాత ఈ మార్పు రాదు. రెండోది, ఉత్తరపదంలో, అంటే సమాసంలోని రెండో మాటలో, అప్పటికే ఒక మడ్డి ధ్వని ఉంటే ఇంకొకటి చేరదు. తొబొకెలో బ ఉంది. అందరికీ తెలిసిన జంట చెప్తాను: ఒరి + కమి ఒరిగమి అయింది, కానీ కమి + కజె కమికజెగానే నిలిచింది. కజెలో జ ఉంది కాబట్టి. ఒక్యూజిలో క మారకపోవడానికి ఆ గౌరవ ఒ తో పాటు ఇంకో కారణం ఉంది. క్యూజి చైనా నుంచి వచ్చిన మాట, అలాంటివి ఎక్కువగా ఈ సంధికి లొంగవు. మన దగ్గర వాడు + కొట్టె వాడు గొట్టె అవుతుంది గానీ, వాడు కంసారి (కంసుడి శత్రువు) అన్నచోట సంస్కృత క కదలదు. ఎరువు మాట తన రూపం నిలుపుకోవడం రెండు భాషల్లోనూ ఉంది.

పోలిక పూర్తిగా తలకిందులయ్యేది ద్వంద్వంలో. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, కూరగాయలు: మనకు ద్వంద్వమే ఆదేశానికి చోటు. జపనీస్‌లో ద్వంద్వమైతే మార్పు ఉండదు. యమగవ అంటే కొండ ఏరు, యమకవ అంటే కొండలూ ఏరులూ. ఒక్క హల్లుతో సమాసం పేరే మారిపోతుంది. నాకు ఈ మొత్తం చర్చలో అన్నిటికంటే విలువైనది ఇదే.

ఒతొబొకెకు అర్థం కూడా రాయాలి: తెలిసీ తెలియనట్టు ఉండటం. మన 'నంగనాచి' దానికి దగ్గర. 2019లో వచ్చిన వాళ్ల ఆల్బమ్ ఇతెకొమ హిట్స్ వింటే, కన్సయి (క్యోతొ, ఓసకల ప్రాంతం) యాస ఎంత వేగంగా పరిగెత్తుతుందో తెలుస్తుంది.

పలక బలపం:
ఇంకో పొరపాటు పడకుండా చెప్తున్నాను. హిత్సుజిబుంగకు పేరులో బ చూసి రెందకు అనుకుంటారు. కాదు. హిత్సుజి అంటే గొర్రె, బుంగకు అంటే సాహిత్యం, ఆ బ పుట్టుకతోనే ఉంది. పైగా డ్రమ్స్ వాయించే సభ్యుడు పురుషుడు, కనుక మహిళా బ్యాండ్ల లెక్కలో రాదు. యొనిగెలో మార్పు లేకపోవడం వేరే సంగతి. న కు మడ్డి రూపమే లేదు. యొ అంటే రాత్రి, నిగె అంటే పారిపోవడం. అప్పులవాళ్లకు చిక్కకుండా రాత్రికి రాత్రి బిచాణా ఎత్తేయడం. ఓసక ప్రాంతపు నెయగవలో 2013లో మొదలైన ఇద్దరమ్మాయిల బృందం.

ఇక రాత విషయం. ఎ ఏ, ఒ ఓ తేడా మన లిపిలో ఉంది కాబట్టి వాడుకోవాలి. షోనెన్ నైఫులో షో దీర్ఘం, నె హ్రస్వం. షోనెన్ అంటే బాలుడు, 1981 నుంచి ఉన్న ఓసక బ్యాండ్. పదం చివర హ్రస్వ ఒ మన చెవికి కొత్త, అందుకే నెగొతో అని సాగదీస్తాం. కనీసం రాతలో సాగదీయకండి. ఇంగ్లీషు అక్షరాలు చూసి త ని ట చేయొద్దు. టోక్యో స్థిరపడిపోయింది, దాన్ని వదిలేయండి. ఒత్తు పలికేచోట ద్విత్వం రాయాలి: తొకుషిమ ప్రాంతం నుంచి వచ్చి 2018లో ముగిసిన బృందం చత్తొమొంచీ, చాట్‌మాంచీ కాదు. ఆ పేరులోని సున్నను రెండు భాషలవాళ్లూ ఒకేలా పలుకుతారు, తర్వాతి హల్లును బట్టి అది మారుతుంది.

మూడో తీగ:
సంధి కాకపోయినా ఒక మాట చేర్చాలి. షోయా బృందం 1987లో టోక్యోలోని హిబియ ఆరుబయలు వేదిక మీద మహిళలతోనే ఒక సంగీతోత్సవం మొదలుపెట్టింది. పేరు నఒన్ నొ యఒన్. యఒన్ అంటే ఆరుబయలు సంగీతశాల, దాని పొడుగు పేరులోంచి య, ఒన్ మాత్రం తీసుకున్నారు. నఒన్ వాయిద్యకారుల మరుగు మాట. ఒన్న అంటే స్త్రీ. ఒన్, న అని విరిచి, వెనకది ముందుకు తెస్తే నఒన్.

తుమ్మెద:
అంటే విరుపు మనలా 'ఒ', 'న్న' దగ్గర కాదా?

సంధికాలం:
కాదండీ. మనం న్న ని ఒక్క అక్షరంగా లెక్కపెడతాం, ఒన్న మనకు రెండక్షరాలు. వాళ్లకు ఒ, న్, న మూడు, పొల్లు న్ కి కూడా ఒక పూర్తి మాత్ర. అందుకే పాటలో ఆ న్ ఒక్కదానికే ఒక స్వరం ఇస్తారు.