మా గుంటలకి ఏ జట్టు మ్యాచ్ చూపించమంటారు?

జాలరిపేట రీబౌండ్:

అందరికీ నమస్కారం. నెల రోజులుగా ఒక విషయం బుర్ర తినేస్తోంది, మీలో ఎవరైనా తేల్చండి.

నాది విశాఖ ఎంవీపీ కాలనీలో చిన్న మందుల షాపు. సాయంత్రం ఐదున్నరకి కౌంటర్ మా తమ్ముడికి అప్పజెప్పి, దగ్గర్లో ఉన్న సిమెంట్ కోర్టుకి పోతాను. పద్నాలుగు మంది గుంటలకి బాస్కెట్‌బాల్ నేర్పుతున్నాను. ఫీజు లేదు, నా దగ్గర కోచింగ్ సర్టిఫికెట్టూ లేదు. కాలేజీలో ఆడిన ఆటే పెట్టుబడి. సగం మంది కాలనీ పిల్లలు, సగం మంది పెద జాలరిపేట నుంచి వస్తారు. ఉప్పుగాలికి రింగు ఊరికే తుప్పు పడుతుంది, కొన్న నెట్టు ఆర్నెల్లకి పీలికలైపోతుంది. ఈసారి ఒక పిల్లాడి నాన్న, వేటకెళ్లే మనిషి, వలతాడుతో అల్లి ఇచ్చాడు. కన్ను కాస్త బిగువుగా వచ్చింది. బంతి అందులో పడ్డాక ఒక్క క్షణం ఆగి, ఏదో ఆలోచించుకుని కిందికి దిగుతుంది. గుంటలకి అదో సరదా.

అసలు సంగతికొస్తాను. పోయిన నెల పక్క కాలనీ వాళ్లతో మ్యాచ్. ఆఖరి నిమిషం, మేము ఒక్క పాయింట్ వెనక. మావాడు వేసిన షాట్ రింగు మీద గిరగిరా తిరుగుతోంది. అవతల ఆరడుగులు దాటిన కుర్రాడొకడు ఎగిరి, దాన్ని వేళ్లతో బయటికి తోసేశాడు. నేను "గోల్‌టెండింగ్! గోల్‌టెండింగ్!" అని, అంటే రింగులో పడబోయే బంతిని ముట్టుకున్నాడని, అరుస్తూ కోర్టులోకి దూకేశాను. రిఫరీ పెద్దాయన విజిల్ ఊదాడు. గోల్‌టెండింగ్‌కి కాదు, నాకు. కోర్టులోకి దూకినందుకు టెక్నికల్ ఫౌల్. వాళ్లకో ఫ్రీ త్రో, దాంతో పాటే మ్యాచ్.

ఆ రాత్రి మా గుంటల్లో ఒకడు ఫోన్‌లో రూల్ తీసి చూపించాడు. ఫిబా, అంటే అంతర్జాతీయ సమాఖ్య ఆటలో షాట్ రింగుకి తగిలాక బంతిని ఎవరైనా కొట్టొచ్చట. రింగు పైనున్న బంతిని ముట్టుకోకూడదనేది అమెరికా లీగ్ ఎన్‌బీఏ రూల్. ఇరవై ఏళ్లుగా నేను టీవీలో చూసింది ఎన్‌బీఏనే. మనం ఆడేది ఫిబా రూల్స్‌తో. అంటే ఇన్నాళ్లూ ఒక ఆట చూసి ఇంకో ఆట నేర్పుతున్నానన్నమాట.

దేశాల మధ్య ఆడే మ్యాచ్‌లు నేను పూర్తిగా చూసినవి రెండే. రెండూ జర్మనీ గెలిచిన ఫైనల్సే, విచిత్రంగా రెండు రోజులూ ఇండియా–పాకిస్తాన్ క్రికెట్ ఉన్న రోజులే. 2023 సెప్టెంబర్ 10న కొలంబోలో వానొచ్చి ఆట ఆగిపోతే ఊసుపోక ఫోన్‌లో వెతికాను, మనీలాలో ప్రపంచకప్ ఫైనల్ తగిలింది. జర్మనీ 83, సెర్బియా 77. మళ్లీ 2025 సెప్టెంబర్ 14న దుబాయ్‌లో మనవాళ్లు గెలిచారు, వీధిలో గోల సద్దుమణిగింది, మా ఆవిడ పడుకుంది. అప్పుడు సౌండ్ తగ్గించి రీగాలో జరిగిన యూరోబాస్కెట్, అంటే యూరప్ దేశాల కప్పు ఫైనల్ చూశాను. జర్మనీ 88, టర్కీ 83. చూస్తున్నంతసేపూ ఇది వేరే ఆట అనిపించింది గానీ ఏది వేరో చెప్పమంటే నోరు రాదు.

కాబట్టి ప్రశ్న. ఆదివారం షాపులో ఉన్న టీవీ ముందు గుంటల్ని కూర్చోబెడితే, ఏ జట్టు మ్యాచ్ చూపించాలి? వాళ్ల ఓపిక ఒక్క మ్యాచ్‌కే సరిపోతుంది. ఇంకో సందేహం కూడా. మన ఊరంత జనం ఉన్న దేశాలు అమెరికా కళ్లలోకి చూసి ఎలా ఆడగలుగుతున్నాయి?

బీచ్‌రోడ్ సోది:

ఎంవీపీ కాలనీలో ఉంటూ ఎంవీపీ (టోర్నమెంట్‌లో ఉత్తమ ఆటగాడు) ఎవరో తెలీదా అన్నా! 2023లో ష్రోడర్, 2025లోనూ ష్రోడరే. జర్మనీ పెట్టేయ్. కాదంటే సెర్బియా స్టార్ జోకిచ్ రీల్స్ పెట్టు, గుంటలు ఊగిపోతారు.

పాత పివట్:

రీల్స్ వద్దు తమ్ముడూ. రీల్‌లో బంతి ఉన్నవాడే కనిపిస్తాడు. నువ్వు చూపించాల్సింది బంతి లేని మిగతా నలుగుర్ని.

నీకు వేరేగా అనిపించింది ఏంటో నేను చెబుతా. నేను పాతికేళ్లు పివట్, అంటే రింగు దగ్గర నిలబడే పొడుగువాడి స్థానం, ఆడినవాణ్ణి, మోకాళ్లు రెండూ దానికే ఇచ్చేశాను. ఎన్‌బీఏలో డిఫెన్స్ చేసే పొడుగువాడు, ఎవరినీ కాయకుండా రింగు కింద మూడు సెకన్లకి మించి నిలబడకూడదు. ఫిబాలో ఆ రూలు లేదు. గోడలా నిలబడిపోవచ్చు. పైగా త్రీ పాయింట్ గీత (దాని అవతల నుంచి వేస్తే మూడు పాయింట్లు, అదే త్రీ) 6.75 మీటర్లే, ఎన్‌బీఏలో 7.24. గీత దగ్గరైతే ఆడే జాగా ఇరుకవుతుంది. మన పూర్ణా మార్కెట్ సందులో స్కూటర్ నడిపినట్టు ఉంటుంది. ఒంటరిగా దూసుకుపోదామంటే కుదరదు. పాస్ ఇవ్వాలి, స్క్రీన్ పెట్టాలి (మనవాణ్ణి కాసేవాడికి అడ్డంగా నిలబడాలి), మళ్లీ పాస్. మ్యాచ్ కూడా 48 నిమిషాలు కాదు, 40. ఐదు ఫౌళ్లకే బయటికి. చిన్న మ్యాచ్‌లో ఒక్క చెడ్డ ఐదు నిమిషాలొస్తే కోలుకునే టైముండదు. చిన్న దేశాలకి ఉన్న సందు అదే.

కానీ సందుంటే చాలదు, దూరేవాళ్లు కావాలి. జర్మనీ సంగతి చూడు. గోర్డన్ హెర్బర్ట్ కోచ్‌గా వచ్చాక, మూడు వేసవులు జట్టుకే ఇస్తామని ఆటగాళ్ల దగ్గర మాట తీసుకున్నాడు. 2022లో యూరోబాస్కెట్ కాంస్యం. 2023లో ఒక్క మ్యాచ్ ఓడకుండా ప్రపంచకప్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 2025కి హెర్బర్ట్ లేడు, కొత్త కోచ్ ఆలెక్స్ ముంబ్రూ టోర్నమెంట్ మధ్యలో ఆస్పత్రి పాలయ్యాడు. అసిస్టెంట్ ఇబ్రహీమగిచ్ పక్కన నిలబడి నడిపించాడు, అయినా ఒక్క మ్యాచ్ ఓడలేదు. ఆ ఫైనల్ నువ్వే చూశావుగా. మొదట్లో టర్కీ 13–2తో పరిగెత్తింది. జర్మనీ వాళ్ల మొహాల్లో కంగారు కనిపించిందా? వేసవి తర్వాత వేసవి కలిసి ఆడినవాళ్లు. ఎవడు ఎక్కడుంటాడో కళ్లు మూసుకుని చెప్పగలరు.

మా రోజుల్లో ఒకసారి జిల్లా జట్టుకి నన్ను తీసుకున్నారు. సాయంత్రం ఎంపిక, పొద్దున్నే వాల్తేరు స్టేషన్‌లో రైలు. తుని దాటాక గానీ ఒకడి పేరు ఒకడికి తెలీలేదు. రెండో రోజే ఇంటికొచ్చేశాం. మన దగ్గర ఎత్తుకి కరువని అందరూ అంటారు. నేనైతే రైల్లో పరిచయాలే కొంప ముంచుతాయంటాను.

కాబట్టి 2023 సెమీఫైనల్ పెట్టు. జర్మనీ 113, అమెరికా 111. ఆండ్రియాస్ ఓబ్‌స్ట్ అని ఒకడుంటాడు. ఎన్‌బీఏ ఆటగాడు కాదు, జర్మనీలోనే బేయర్న్ మ్యూనిక్ క్లబ్ వాడు. ఆ రోజు 24 పాయింట్లు కొట్టాడు. అమెరికా తరిమి తరిమి ఒక్క పాయింట్ దూరానికి వచ్చినప్పుడు వాడు వేసిన త్రీ చూపించు. వేసిన దగ్గర కాదు, దానికి ముందు వాడు ఎటు పరిగెత్తాడో అక్కడ ఆపి చూపించు.

ఒక్కో గుంటడికి ఒక్కో ఆటగాణ్ణి అప్పజెప్పు. బంతి ఎక్కడున్నా సరే, వాడు మాత్రం తన మనిషినే చూడాలి.

ఏయూ గ్రౌండ్ తొమ్మిదో నంబర్:

పివట్ బాబాయ్ చెప్పింది బావుంది గానీ, నేనైతే ఓడిపోయిన మ్యాచ్ చూపిస్తాను. పారిస్ సెమీఫైనల్, సెర్బియా–అమెరికా. సెర్బియా ఒక దశలో 17 పాయింట్లు ముందుంది. మూడు క్వార్టర్లయ్యేసరికి 76–63. ఆఖరి క్వార్టర్‌లో అమెరికా 32, సెర్బియా 15. చివరికి 95–91. అమెరికా వాడు కర్రీ ఒక్కడే 36 కొట్టాడు. ఆ నాలుగో క్వార్టర్‌లో కాళ్లు అలిసిన జట్టు ఎలా ఉంటుందో చూస్తే, పరుగు ప్రాక్టీస్ ఎగ్గొట్టే గుంటలు నోరు మూసుకుని పరిగెడతారు. రెండ్రోజుల తర్వాత అదే సెర్బియా జర్మనీని 93–83తో కొట్టి కాంస్యం పట్టుకెళ్లింది. ఏడుస్తూ కూర్చోలేదు.

సోదీ, ఆయన పేరు యోకిచ్. జో కాదు.

ఇంకో మాట. రీబౌండ్ గారూ, మీ పద్నాలుగు మందిలో ఆడపిల్లలు ఎందరు? మీరు చెప్పలేదు కాబట్టి లేరనే అనుకుంటున్నా. బెల్జియం ఆడవాళ్ల జట్టు 2023లోనూ 2025లోనూ యూరోబాస్కెట్ గెలిచింది. రెండు ఫైనల్సూ స్పెయిన్ మీదే. 2025లో చివరి నాలుగు నిమిషాల్లో 12 పాయింట్లు వెనకబడి ఉన్నారు, 67–65తో గెలిచారు. ఎమ్మా మీసెమన్ రెండుసార్లూ ఎంవీపీ, కాలనీ పేరు కాదు. మీరు, బాబాయ్ కలిసి ఇంత పొడుగు రాసి ఒక్క ఆడ జట్టు పేరు కూడా ఎత్తలేదు. నేను యూనివర్సిటీకి ఆడిన రోజుల్లో కూడా ఇంతే. మగపిల్లల ప్రాక్టీస్ అయ్యాక చీకటి పడుతుంటే మాకు కోర్టు ఇచ్చేవారు.

పాత పివట్:

తప్పే అమ్మా. ఒప్పుకున్నా. కానీ మొదటి మ్యాచే ఓడిపోయింది చూపిస్తే గుంటలు జావగారిపోతారు. అది రెండో వారం పెట్టు తమ్ముడూ.

కౌనస్‌లో గాజువాక కుర్రాడు:

నేను లిథువేనియాలో కౌనస్ అనే ఊళ్లో మెడిసిన్ చదువుతున్నాను అన్నా. మీ రెండో ప్రశ్నకి జవాబు నా కిటికీలోంచి కనిపిస్తుంది. ఈ దేశం మొత్తం జనం ముప్ఫై లక్షలు లేరు. చలికాలం నాలుగింటికే చీకటి, మంచు. ఆడితే లోపలే ఆడాలి. ఇక్కడ బాస్కెట్‌బాల్‌ని రెండో మతం అంటారు, అతిశయం అనుకున్నాను వచ్చిన కొత్తలో. ఝల్గిరిస్ క్లబ్ మ్యాచ్ ఉన్న రోజు మా ఇంటి ఓనరమ్మ, డెబ్భై దాటిన మనిషి, ఆకుపచ్చ స్కార్ఫ్ మెడకి చుట్టుకుని టీవీ ముందు కూర్చుంటుంది. అద్దె గురించి మాట్లాడాలంటే హాఫ్ టైం దాకా ఆగాలి.

1988 సియోల్ ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టు అమెరికాని 82–76తో ఓడించి, ఆపై స్వర్ణం కూడా గెలిచింది కదా. అందులో ముఖ్యులైన సబోనిస్, మార్చులోనిస్, కుర్తినైటిస్, ఖొమీచుస్ నలుగురూ లిథువేనియా వాళ్లే. దేశం విడిపోయాక 1992లో బార్సిలోనాలో సొంత జెండా కింద ఆడి, మాజీ సోవియట్ దేశాల ఉమ్మడి జట్టునే 82–78తో కొట్టి కాంస్యం తెచ్చుకున్నారు. ఆ సంగతి ఎత్తితే ఓనరమ్మ అద్దె మర్చిపోతుంది. నేను వాడుకుంటుంటాను.

2023 ప్రపంచకప్‌లో వీళ్లు అమెరికాని 110–104తో ఓడించిన మ్యాచ్ కూడా చూపించండి. మొదట వేసిన తొమ్మిది త్రీలూ పడ్డాయి. తొమ్మిదికి తొమ్మిది! కానీ రెండ్రోజులకే సెర్బియా చేతిలో 87–68తో చితికిపోయారు. అది కూడా చెప్పండి, లేకపోతే గుంటలు గీత దగ్గర నిలబడి త్రీలే వేస్తారు. మన బీచ్ గాలికి అవి ఎటు పోతాయో మీకు తెలుసు.

జాలరిపేట రీబౌండ్:

అందరికీ థాంక్స్. మొన్న ఆదివారం జర్మనీ–అమెరికా పెట్టాను. పివట్ గారు చెప్పినట్టే ఒక్కొక్కడికి ఒక్కో మనిషిని పంచాను. ష్రోడర్ కోసం కొట్టుకున్నారు, చీటీలు వేయాల్సి వచ్చింది. ఓబ్‌స్ట్ చీటీ వచ్చినవాడు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. వాడే, నెట్టు అల్లిన మనిషి కొడుకు. రెండో క్వార్టర్ నుంచి వాడి తల టీవీలో ఓబ్‌స్ట్‌తో పాటు అటూ ఇటూ తిరగడం మొదలైంది. మ్యాచ్ అయ్యాక అడిగితే, "ఈడు బంతి కోసం పరిగెట్టట్లేదు సార్, బంతే ఈడి కాడికొస్తాంది. మా నాన్న కూడా చేప ఎనకాల పోడు, అది వచ్చే దారిలో వల ఏస్తాడు" అన్నాడు. నేను నెల రోజులు మాటల్లో పెట్టలేకపోయింది వాడు అరనిమిషంలో తేల్చేశాడు.

తొమ్మిదో నంబర్ గారూ, మీ లెక్క నిజమే, ఒక్కరు కూడా లేరు. బెల్జియం ఫైనల్ వచ్చే ఆదివారం. షాపు మెట్ల మీద కూర్చుని మ్యాచ్ సగం చూసిన ఇద్దరు ఆడపిల్లలు, "మేమూ రావచ్చా అంకుల్" అని అడిగారు. బుధవారం నుంచి వస్తున్నారు. వాళ్లకి కోర్టు ఐదున్నరకే, వెలుతురుండగానే.

ఒక్కటే ఇబ్బంది. ఇప్పుడు కోర్టులో బంతి రింగు మీద తిరిగిందంటే చాలు, పదహారు మందీ ఆట ఆపేసి నా వైపు తిరుగుతున్నారు, నేను అరుస్తానేమోనని.